మెట్లు లేని బడి

(పెన్షనర్ల దినోత్సవం నాడు జనగామలో జరిగిన సంఘ సమావేశంలో ఒక విశ్రాంత డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, అది ఉద్యోగి హక్కని నకారా గారి కేసులో సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెప్పింది ఈ తేదీనే. ఏటా ఈ రోజున మనం డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, కమ్యుటేషన్ గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలిచ్చి, "మీరు సర్వీసంతా బడులు కట్టించారు గదా, వాటి సంగతి చెప్పండి" అన్నారు. ఎన్ని కట్టించానో చెప్తే మీకు నిద్ర వస్తుంది. ఒకదాన్ని ఎట్లా పాడుచేశానో చెప్తాను.

నేను 1975లో ఇంజనీరింగ్ సూపర్‌వైజరుగా చేరాను, 2011లో రిటైరయ్యాను. ఆ రోజుల్లో జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న మూడూ మూడు జిల్లాల కేంద్రాలైనవి. నేను మాత్రం మూడింటినీ సైకిలు మీద, తరువాత లూనా మీద, చివరికి ఆఫీసు జీపులో తిరిగినవాణ్ణి. కనుక ఈ జిల్లాల గుట్టలూ వాగులూ నాకు బంధువుల ఇళ్లలాగా తెలుసు.

నేను చేరిన కొత్తలో పల్లెలో బడి ఎక్కడ అని అడిగితే నలుగురూ నాలుగు చోట్లు చూపించేవారు. ఒకటి రెండు తరగతులు గ్రామ చావడిలో, మూడోది గుడి మండపంలో, మిగిలినవి చింతచెట్టు కింద. వానొస్తే లాంగ్ బెల్లు. బడికంటూ సొంత ఇల్లుంటే అది మట్టిగోడలు, పైన గూన పెంకులు. కోతులు పెంకులు తీసేస్తే దసరా సెలవుల్లో సార్లూ పెద్దపిల్లలూ కలిసి మళ్లీ కప్పేవారు. పేదబడే, కాని పైకప్పు బాగోగులు చూసేవారున్న బడి. ఆ మాట ఎందుకన్నానో ముందుముందు తెలుస్తుంది.

1986లో జాతీయ విద్యా విధానం వచ్చింది. మరుసటి ఏడు దాని కింద 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' మొదలైంది. ఇక్కడున్న టీచర్లందరికీ గుర్తుండే ఉంటుంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ అన్ని కాలాలకూ పనికివచ్చే రెండు గదులు, ముందు ఒక వరండా, కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైతే అందులో ఒకరు మహిళ, ఇంకా నల్లబల్ల, పటాలు, ఆటసామాను. ఆలోచన చాలా మంచిది. అయితే గదులకు డబ్బు ఎక్కడిది? గ్రామీణ ఉపాధి పథకాల నుండి తీసుకోమన్నారు. ఉపాధి పథకమంటే కూలీలకు పని కల్పించడానికి వచ్చినది. అందులో కూలీకి ఇంత, సామానుకు ఇంత అని నిష్పత్తి ఉంటుంది. చెరువు కట్టకు మట్టి పోయడానికి ఆ లెక్క సరిపోతుంది. బడి కట్టడంలో ఖర్చంతా సిమెంటు, ఇనుము, ఇటుక, కంకరలదే. ఆ లెక్కలో ఈ పని ఇమిడించడానికి మేము పడ్డ పాట్లు ఎం.బి.లు రాసినవారికే తెలుసు.

1988లో ఒక ఊళ్లో రెండు గదుల బడికి నేను ఎస్టిమేటు వేశాను. ఊరి పేరు చెప్పను, ఈ జిల్లాలోదే. మంజూరైన సొమ్ముకంటే నా ఎస్టిమేటు పైకి పోయింది. ఎక్కడో ఒకచోట కత్తిరించాలి. పునాది తగ్గించలేను, స్లాబు మందం తగ్గించలేను. కిటికీలు తీసేస్తే పిల్లలకు వెలుతురుండదు. పెన్సిలు పట్టుకొని కాగితమంతా వెదికితే, మేడ పైకి పోయే మెట్లు కనబడినవి. ఒకే అంతస్తు బడి. పైన ఎవరికేం పని? మెట్లు కొట్టేశాను. లెక్క సరిపోయింది. తెలివిగా చేశానని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

ఇంకో తప్పు మార్చి నెలలో జరిగింది. మన పనులన్నీ మార్చి 31 చుట్టూ తిరుగుతాయి గదా. ఆ తేదీ దాటితే నిధులు వెనక్కి పోతాయి. అందుకని మార్చి చివరి వారంలో స్లాబు పోశాము. కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. ఎండటం వల్ల కాదు, సిమెంటు నీటిని పట్టుకొని గట్టిపడుతుంది. అందుకని కనీసం 7 రోజులు స్లాబు మీద మడి కట్టి నీళ్లు నిలబెట్టాలని మన ప్రమాణాల పుస్తకం చెబుతుంది. జనగామ మెట్టప్రాంతం. మార్చి చివరికి బావుల్లో బొక్కెన అడుగుకు తగులుతుంది. అప్పటికి దేవాదుల నీళ్లు లేవు, ఆ మాటే ఎవరూ విననిది. డ్రమ్ము పెట్టిన ఎడ్లబండి మూడు రోజులు నీళ్లు తెచ్చింది. నాలుగో రోజు బండివాడు, "సారూ, పశువులకే నీళ్లు లేవు, బడికేడికెల్లి తేవాలె?" అన్నాడు. అతనిది న్యాయమైన మాట. నేను వారంరోజులు నీళ్లు పట్టినట్లు పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. జూన్‌లో రిబ్బన్ కట్ చేశారు. పిల్లలకు బిస్కట్లు పంచారు. నాకొక శాలువా కప్పారు. ఆ శాలువా చాలాకాలం మా ఇంట్లో ఉన్నది.

మా ఇంటావిడ సెకండరీ గ్రేడ్ టీచరు. ఇదిగో, మూడో వరుసలో కూర్చున్నది. ఉమ్మడి జిల్లాలో తిరిగి తిరిగి 1997లో ఆమెకు సరిగ్గా ఆ బడికే బదిలీ అయింది. నేను ఎంతో సంతోషించాను. "నేను కట్టించిన బడి, చూడు ఎట్లుంటదో" అన్నాను. రెండేళ్లు ఆమె ఏమీ అనలేదు. 1999 వానాకాలంలో ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె మంచం మీద పెద్ద పుస్తకాలు విప్పి, ఫ్యాను కింద ఆరబెడుతున్నది. బడి అడ్మిషన్ రిజిస్టర్లు. సిరా ఊరి అక్షరాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయినవి. బీరువా మీద స్లాబు ఉరిసిందట. "రెండేండ్లనుంచి పిల్లల్ని ఒక మూలకు జరిపి కూసోబెడుతున్న. పిల్లలు జరుగుతరు గని బీరువా జరగదు గదా" అన్నది. అంతే, ఇంకొక మాట అనలేదు.

అడ్మిషన్ రిజిస్టరంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. మన సర్వీసు పుస్తకంలోని పుట్టినతేదీకి మూలం అదే. మన రిటైర్మెంటు తేదీ, మన పెన్షను అన్నీ ఆ పేజీ మీద ఆధారపడి ఉన్నవే. అటువంటి పేజీలు నా స్లాబు కింద తడిసినవి.

మరునాడు ఆదివారం. కల్లు గీసే ఒకాయన దగ్గర నిచ్చెన అడిగి తీసుకొని ఆ బడి మీదికి ఎక్కాను. కట్టిన పదేళ్లకు దాని నెత్తిమీదికి ఎక్కిన మొదటి మనిషిని నేనేనేమో. పైన మోకాలు దాకా కాకపోయినా మడమలు మునిగేన్ని నీళ్లు. పక్కనున్న కానుగచెట్టు ఆకులు కుళ్లి ఎరువైనవి. పారపెట్ గోడ మూలలో రావిమొక్క, దాని వేరు ఇటుకల సందులోకి దిగింది. వాననీళ్లు పోయే గొట్టం దగ్గర చెయ్యిపెట్టి చూస్తే దాని నోట్లో బిరడా కొట్టినట్లు ఒక రబ్బరు బంతి. ఇంకా వెదికితే ఆకుల కింద పదకొండు బంతులు, మూడు హవాయి చెప్పులు, ఒక పలక. పిల్లలు ఆడుకుంటుంటే బంతి పైకి పోతుంది. ఎక్కి తెచ్చుకోవడానికి మెట్లు లేవు. బంతి దొర్లి గొట్టంలో పడుతుంది. నీళ్లు నిలుస్తాయి. నేను 1988లో పెన్సిలుతో కొట్టేసిన మెట్లు నాకక్కడ కనబడినవి.

నిలిచిన నీరు ఏమి చేస్తుందో కొంచెం చెప్తాను, మీ సొంత ఇళ్లకూ పనికొస్తుంది. సరిగా నీళ్లు పట్టని కాంక్రీటులో సన్న రంధ్రాలుంటాయి. వాటి గుండా తడి, గాలి కలిసి లోపలి ఇనుముకు చేరుతాయి. ఇనుము తుప్పుపడితే తన మొదటి పరిమాణానికి రెండింతలకు పైగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కింది కాంక్రీటును తోసేస్తుంది. అప్పుడు పెచ్చులు ఊడి పడతాయి. మనం చేసేదేమిటి? పెచ్చు ఊడినచోట సిమెంటు పూసి సున్నం కొట్టిస్తాం. పైన నీళ్లు అట్లాగే ఉంటాయి, లోపల తుప్పు అట్లాగే నడుస్తుంది. ఎప్పుడైనా స్లాబు కింద జిగటగా తడి మరక కనబడితే ముందు పైకి ఎక్కి చూడండి, కింద పూయించవద్దు.

అప్పటికి వరంగల్ జిల్లాలో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, మనమందరం డి.పి.ఇ.పి. అనేది, నడుస్తున్నది. ఏటా బడికి 2,000 రూపాయల గ్రాంటు వచ్చేది. 1998 చట్టంతో తల్లిదండ్రుల పాఠశాల విద్యాకమిటీలు కూడా ఏర్పడినవి. ఆ కమిటీని కూర్చోబెట్టి నా తప్పు నేను చెప్పాను. ఒక తండ్రి మేస్త్రీ, నాలుగు రోజుల కూలి వదులుకున్నాడు. ఇటుక ముక్కలు, సున్నం కలిపి పైన వాలు పోసి గచ్చు చేశాము. రావిమొక్కను వేరుతో సహా తీయించాము. గొట్టానికి ఇనుప జాలీ పెట్టించాము. గ్రాంటు చాలలేదు, మిగతాది నేనే పెట్టాను. దానికి నాకు మెప్పు అక్కరలేదు, ఎందుకంటే అది బాకీ. ఉరవడం ఆగింది గాని తుప్పు ఆగలేదు. లోపలికి పోయిన రోగం పైపూతకు తగ్గదు. ఆ రెండు గదుల్లో ఒకటి శిథిలమైందని చివరికి తాళం వేశారు. కట్టిన ముప్పై ఏళ్లకే. మా ఊళ్లో మా తాతగారు డంగు సున్నంతో కట్టిన గోడలు ఇప్పటికీ నిలబడే ఉన్నవి, ఆ సంగతి తలచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మానుకోట వైపు కష్టం వేరు. అక్కడ తండాలెక్కువ. ఇటుక, సిమెంటుకంటే ముందు జాగా దొరకాలి. బడికి జాగా ఇస్తానని ముందుకొచ్చినవారికి దండం పెట్టాల్సిందే గాని, ఇచ్చే జాగా సామాన్యంగా సాగుకు పనికిరానిదై ఉంటుంది. చెరువు శిఖం పక్కన, లేకుంటే పల్లంలో. ఊరికీ తండాకూ నడుమ పెడితే ఇద్దరికీ పనికొస్తుందని ఒకచోట మధ్యలో కట్టించాము. ఇద్దరికీ అందుబాటులో ఉన్నదనుకున్నది ఇద్దరికీ కానిదైంది. సెలవుల్లో తలుపులు పోయినవి, అడిగితే ఊరివారు తండా వైపు, తండావారు ఊరి వైపు చూపించారు. నల్లరేగడి నేలలో మరొక తంటా. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి, పునాదిని పైకీ కిందికీ ఆడిస్తుంది. అటువంటి నేలకు కింద ఉబ్బెత్తుగా ఉండే పైళ్లు వేయాలని రూర్కీ కేంద్ర భవన పరిశోధనా సంస్థ ఎన్నడో చెప్పింది. రెండు గదుల ఎస్టిమేటులో పైళ్లు ఎక్కడ పడతాయి? రేగడి మట్టి తీసేసి మొరం నింపి, పునాది మీద చుట్టూ బీము వేసి నెట్టుకొచ్చాము.

భూపాలపల్లిలో అడవి. కోయగూడేల్లో తాటాకు పాకలే బడులు. తమిళనాడులోని కుంభకోణంలో 2004 జూలై 16న వంటపాక కప్పుకు అంటుకున్న మంట బడికి పాకి 94 మంది పిల్లలు చనిపోయిన వార్త విన్ననాడు నాకు ఆ పాకలన్నీ ఒక్కొక్కటిగా కళ్లముందు తిరిగినవి. పక్కా గది కడదామంటే 1980 అటవీ చట్టం అడ్డం. ఆ చిక్కు 2006 అటవీ హక్కుల చట్టంతో కొంత విడింది. గ్రామసభ తీర్మానం చేస్తే, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండా, బడికి ఒక హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చునని అందులో ఉంది. ఈ సంగతి తెలియక ఎన్నో ఫైళ్లు ఏళ్ల తరబడి పడుకున్నవి. మన సంఘంలో రెవెన్యూ, అటవీ శాఖల వారున్నారు, ఈ మాట మీ ఊళ్లలో చెప్పండి.

భూపాలపల్లి పేరెత్తితే మోరంచపల్లి గుర్తుకురాక మానదు. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు ఊరిమీదికి వచ్చింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు వచ్చి తీసుకుపోవలసి వచ్చింది. టీవీలో అది చూస్తూ కూడా నాకు మెట్లే మనసులో తిరిగినవి. వాగు పక్క ఊళ్లో అందరికంటే గట్టి కట్టడం సామాన్యంగా బడే. దాని పైకి ముసలివారూ పిల్లలూ ఎక్కే దారి ఉండాలా వద్దా?

మరుగుదొడ్ల సంగతి మా ఇంటావిడ చెప్పమన్నది గనుక చెప్తున్నాను. ఆమె సర్వీసులో చాలా ఏళ్లు పొద్దున ఇంటి నుండి బయలుదేరితే సాయంత్రం దాకా మంచినీళ్లు తాగేది కాదు. ఎందుకో ఇక్కడున్న టీచరమ్మలందరికీ తెలుసు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలైంది. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ప్రహరీ, టీచరుకో గది, అన్నీ అందులో రాశారు. 2012లో సుప్రీంకోర్టు గడువు పెట్టింది. 2014 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట నుండి ఏడాదిలో కట్టాలన్నారు. కట్టారు కూడా. కాని నీటికనెక్షన్ లేని మరుగుదొడ్డి ఎన్ని రోజులు మరుగుదొడ్డిగా ఉంటుంది? నేను చూసినవాటిలో ఒకటి చీపుర్ల గది, ఒకటి కట్టెల గది అయినవి.

2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు - మన బడి' మొదలైంది. 26,065 పాఠశాలలు, 7,289 కోట్ల అంచనా, మొదటి విడతలో 9,123 బడులు. నీటి వసతితో మరుగుదొడ్లు, కరెంటు, బల్లలు, ప్రహరీ, రిపేర్లు మొదలైన పన్నెండు అంశాలు పెట్టారు. 2024లో మహిళా సంఘాల వారితో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినవి. పని చూసేవారు తల్లులైతే కిటికీకి గొళ్లెం పడిందా లేదా అన్నది తప్పక చూస్తారని నా నమ్మకం. ఆంధ్రలో 2019 నవంబరులో 'మన బడి నాడు - నేడు' మొదలైంది. అక్కడ మరుగుదొడ్ల నిర్వహణకని తల్లులకిచ్చే సొమ్ము నుండి 1,000 రూపాయలు పక్కన పెట్టారు. దానిమీద విమర్శలూ వచ్చినవి. పద్ధతి సంగతి ఎట్లున్నా, నిర్వహణకు వేరే సొమ్ము కావాలని ఒప్పుకోవడం నాకు నచ్చింది. మన దగ్గర కూడా 2024 నుండి బడి పారిశుద్ధ్యానికి పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుండి 20,000 దాకా ఇస్తామని ఉత్తర్వులిచ్చారు. సమగ్ర శిక్ష కింద వచ్చే గ్రాంటు 30 మంది లోపు బడికి ఏడాదికి 10,000, వంద మంది దాకా 25,000. సుద్దముక్కల నుండి బల్బుల దాకా అందులోనే. చిన్నబడి స్లాబుకు, పెద్దబడి స్లాబుకు వాన ఒకటే పడుతుంది. పిల్లలు తక్కువైతే డబ్బు తక్కువ, డబ్బు తక్కువైతే బడి పాడు, బడి పాడైతే పిల్లలు ఇంకా తక్కువ. ఆఖరికి ఆటోలో ప్రైవేటు బడికి పోతున్న మన మనవలనే అడగండి.

పోయిన ఏడు ఆ బడికి మళ్లీ పోయాను. పాత గది పక్కన కొత్త గది వేశారు. రంగులు చక్కగా ఉన్నవి, గ్రీన్ బోర్డు ఉన్నది, టైల్స్ వేశారు. నేను చుట్టూ తిరిగి వెనకవైపు చూశాను. మెట్లు లేవు. గోడకు ఇనుప మెట్లయినా లేవు. అక్కడున్న కుర్ర ఇంజనీరును అడిగాను. నన్నెరగడు, ఎవరో ముసలాయన అనుకున్నాడు. "ఎస్టిమేట్ల పట్టలేదు సార్" అన్నాడు. ఆ అబ్బాయిని నేనేమనగలను? ముప్పై అయిదేళ్ల కింద అదే మాట నేనే అన్నాను.

అందుకని సంఘానికి నాదొక మనవి. మే నెలాఖరులో, బడులు తెరవకముందు, ఒక్కొక్క మండలంలో మనవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి హెడ్‌మాస్టరుగారి అనుమతితో ఒక్కొక్క బడి చూసిరావాలి. చూడవలసినవి ఎన్నో లేవు. స్లాబు మీద ఆకులు, గొట్టంలో బంతి, పారపెట్ మీద రావిమొక్క, మరుగుదొడ్డిలో నీళ్లు. చూసింది ఒక కాగితం మీద రాసి ఒక కాపీ బడికి, ఒకటి మండల విద్యాధికారికి, ఒకటి మన ఆఫీసుకు. మనలో ఎవరూ పైకి ఎక్కవద్దు. మన వయసుకు అది పనికాదు, ఎముక విరిగితే హెల్త్ కార్డు పనిచేస్తుందో లేదో ఇందాక విన్నారు గదా! ఒక మేస్త్రీని పూట కూలికి పిలుచుకుందాం. నిచ్చెన నేను కొన్నాను, అల్యూమినియందే, తేలిక. ఆటో ఖర్చు సంఘం భరిస్తుందా లేదా అధ్యక్షులవారు చెప్పాలి. మొదటి బడి ఏదో మీకు చెప్పనక్కరలేదు. నిచ్చెన కింద పట్టుకోవడానికి మా ఇంటావిడ వస్తానన్నది. వచ్చేవారు సభ అయ్యాక కార్యదర్శిగారి దగ్గర పేరు, మండలం రాయించండి.